రాముడికి రశీదు దొరికింది... మరి గూడేనికో?

భద్రాద్రి రాముడు తన భక్తుడి బాకీ తీర్చి, ముట్టినట్టు చీటీ కూడా రాయించుకున్నాడట! ఆ గుడి గోపురం దాటి అడవిలోకి వెళ్తే మాత్రం, అప్పు ఎంత తీరిందో ఇంకెంత ఉందో చెప్పే కాగితం కోసం తరాల తరబడి ఎదురుచూసిన గూడేలు కనిపిస్తాయి. వాటి దాకా బ్యాంకు ఎలా వెళ్లింది? ఎక్కడెక్కడ ఆగింది? ఖమ్మం నుంచి చర్ల దాకా సాగే దారి చెప్పే కథ ఇది.

గోల్కొండ కోటలో ఓ చీకటి కొట్టు. పన్నెండేళ్లుగా అందులో ఓ తహసీల్దారు. పేరు కంచెర్ల గోపన్న. సొంతూరు ఖమ్మం దగ్గరి నేలకొండపల్లి. పాల్వంచ పరగణాలో వసూలైన శిస్తును ఖజానాకు పంపకుండా గోదావరి ఒడ్డున రాముడికి గుడి కట్టించాడన్నది ఆయన మీద అభియోగం. కుతుబ్‌షాహీల చివరి సుల్తాను తానీషా కాలం నాటి మాట. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు తానీషా పడకగదిలోకి వచ్చి ఆరు లక్షల మొహరీలు కుమ్మరించారనీ, ముట్టినట్టు రశీదు తీసుకుని గోపన్న పక్కన పెట్టి మాయమయ్యారనీ చెబుతారు. ఆ గోపన్నే రామదాసు.

భక్తులకు ఆ కథలో రాముడి కరుణ కనిపిస్తుంది. లెక్కలు రాసే అలవాటున్నవాళ్లకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. దేవుడంతటివాడు కూడా డబ్బు కట్టేసి ఊరుకోలేదు... రశీదు అడిగాడు! బాకీ తీరడం ఒక ఎత్తు. తీరిందన్న కాగితం చేతికి రావడం మరో ఎత్తు. భద్రాచలం చుట్టుపక్కల అడవిలో డబ్బు చరిత్రంతా ఈ రెండో ఎత్తు దగ్గరే తిరుగుతుంది.

రైలు ఆగిపోయే చోటు

ఖమ్మం నుంచి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. బయల్దేరేటప్పుడు బ్యాంకులకు కొదవేమీ కనిపించదు. మిర్చి యార్డు, పత్తి యార్డు ఉన్న ఊరు మరి. తేజ రకం మిర్చికి పేరుమోసిన మార్కెట్. కమీషన్ దుకాణాలు, వాటి పక్కనే బ్యాంకు బోర్డులు, ఏటీఎంలు.

కొత్తగూడెం వస్తే బొగ్గు. సింగరేణి జీతాలు పడే ఊళ్లో డబ్బు తీసుకోవడానికి దిక్కులు చూడక్కర్లేదు. ఇక్కడి రైల్వేస్టేషన్‌కో తమాషా ఉంది. దాని పేరు భద్రాచలం రోడ్. పేరు చూసి రాముడి గుడి పక్కనే అనుకుని దిగేవాళ్లకు అసలు సంగతి దిగాక తెలుస్తుంది. గుడి ఇంకా 40 కిలోమీటర్లు! గుడి దాకా పట్టాలు లేవు. మిగతా దారి బస్సులోనో జీపులోనో పోవాల్సిందే. ఈ ప్రాంతంలో బ్యాంకు కథా ఇంచుమించు ఇంతే. బోర్డు మీద ఊరి పేరు ఉంటుంది... ఊరు మాత్రం ఇంకా దూరం.

పాల్వంచ థర్మల్ కేంద్రం, సారపాక కాగితం మిల్లు దాటాక గోదావరి. 1965లో ప్రారంభమైన వంతెన ఎక్కి దిగితే భద్రాచలం. అక్కడి నుంచి దారి చీలుతుంది. ఒకటి నది వెంట ఎగువకు దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు. మరొకటి ఎటపాక మీదుగా కూనవరం, చింతూరు వైపు. ఆ పైన ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవులు. కోయలు, కొండరెడ్ల ఊళ్లు. ముప్పై నలభై గడపలుంటే గూడెం. పాతిక ఉన్నా గూడెమే. బ్యాంకు బోర్డుల మధ్య దూరం ఇక్కడి నుంచి పెరుగుతూ పోతుంది.

అయిదు రూపాయల బాకీ... వంద రూపాయల జప్తు

బ్యాంకు లేని కాలంలో అడవిలో అప్పు దొరికేది కాదనుకుంటే పొరపాటే. అప్పు ఎప్పుడూ దొరికేది. గడప దగ్గరికే వచ్చేది. ఉప్పు మూటతోనో, బట్టల మూటతోనో, పడవలో గోదావరి ఎదురెక్కి వచ్చిన వర్తకుడితోనో.

ఆ అప్పు ఖరీదెంతో 1879 రంప తిరుగుబాటు నాటి ప్రభుత్వ విచారణలే చెబుతాయి. మైదానాల నుంచి వచ్చిన వ్యాపారులు కొండవాళ్లతో ఏకపక్ష ఒప్పందాలు రాయించుకునేవారు. ఆపైన కోర్టుకెక్కేవారు. కోర్టు ఎక్కడో దూరాన. అవతలి మనిషి హాజరయ్యే అవకాశమే లేదు. డిక్రీ సులువుగా వచ్చేసేది. అది పట్టుకుని గూడెం మీద పడి, అయిదు రూపాయల బాకీకి వంద రూపాయల విలువైన పశువులను, పంటను తోలుకుపోయిన సందర్భాలు గోదావరి జిల్లా గెజిటీర్‌కు ఎక్కాయి. తిరుగుబాటుకు ముఠాదారు దౌర్జన్యం, కల్లు పన్ను లాంటి కారణాలతో పాటు ఈ డిక్రీలూ ఒక కారణం. ఆ మంట భద్రాచలం, రేకపల్లి దాకా పాకింది.

దాంతో దొరలకూ భయం పట్టుకుంది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. కొండజాతుల మీద ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ చెల్లదంది. చక్రవడ్డీ కుదరదంది. వడ్డీ మొత్తం అసలును దాటకూడదంది. ఊళ్ల లెక్కలో చెప్పాలంటే 24 శాతమంటే వందకు నెలకు రెండు రూపాయలు. ఇవాళ ఏ పల్లెలో అడిగినా "రెండు రూపాయల వడ్డీకి తెచ్చా" అన్న మాట వినిపిస్తుంది. వందేళ్ల కిందట చట్టం గీసిన పైగీతే ఇప్పుడు మర్యాదస్తుల వడ్డీ అయి కూర్చుంది! అవసరం ముంచుకొస్తే మూడు, అయిదు కూడా పలుకుతుంది.

స్వాతంత్య్రం వచ్చాక చట్టాలు గట్టిపడ్డాయి. 1959లో భూబదిలీ నిబంధనలు. 1970లో వాటికి సవరణ. జనం నోట్లో నానే 'వన్ ఆఫ్ సెవెంటీ' అదే. 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల నియంత్రణ, గిరిజనుల రుణ విముక్తి నిబంధనలు కూడా వచ్చాయి. వడ్డీకి హద్దు గీయడం వరకు బాగానే ఉంది. మరి షావుకారును వద్దంటే జూన్‌లో విత్తనాలకు డబ్బు ఎవరిస్తారు? కాగితం దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు.

ఏప్రిల్ ఆకు, జూన్ ఆకలి

అడవిలో డబ్బుకు ఒక పంచాంగం ఉంది. వేసవి ముందు ఇప్పపువ్వు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. యాభై ఆకులు పేర్చి కడితే ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక బస్తా. తెల్లారకముందే అడవికి వెళ్లి, ఎండ ముదిరేసరికి తిరిగొచ్చి, మధ్యాహ్నమంతా కట్టలు కట్టి కల్లంలో అప్పజెబితే చేతిలో నాలుగు డబ్బులాడతాయి. చాలా ఇళ్లకు ఏడాది మొత్తంలో డబ్బు అంత కళ్లజూసే కాలం అదే.

ఆపైన జూన్. తొలకరి. విత్తనం, ఎరువు, పిల్లల బడి... ఖర్చులన్నీ ఒక్కసారే వస్తాయి. జూలై, ఆగస్టు వస్తే జ్వరాలు. దారులు మూసుకుపోయే కాలం కూడా అదే. వరి చేతికొచ్చేది చలికాలంలో. గోదావరి ఒడ్డున మిరప కోతల కూలి దొరికేది సంక్రాంతి దాటాక. అంటే మేలో వచ్చిన డబ్బును జూన్ దాకా దాచుకోవాలి. లేదా జూన్‌లో తెచ్చిన అప్పును డిసెంబరు దాకా మోయాలి. దాచుకునే చోటు, సరసమైన అప్పు దొరికే చోటు ఈ మధ్యకాలంలో కావాలి. బ్యాంకు పనంతా నిజానికి ఇదే.

అది లేనప్పుడు 'నాగు' ఉండేది. వానాకాలంలో ఒక బస్తా ధాన్యం తెచ్చుకుంటే కల్లం దగ్గర బస్తాన్నర కొలవాలి. ఒక్కోచోట రెండు. రాత ఉండదు, రశీదు ఉండదు. లెక్క షావుకారు నోట్లోనే!

ఈ పట్టును సడలించే ప్రయత్నం 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థతో మొదలైంది. జీసీసీ అంటే ఏజెన్సీలో తెలియనివాళ్లుండరు. చింతపండు, తపసి జిగురు, తేనె, చిల్లగింజలు, ముష్టిగింజలు కొంటుంది. బియ్యం, ఉప్పు, సబ్బులు డిపోలో అమ్ముతుంది. పంటకాలానికి అప్పులు కూడా ఇచ్చింది. సంతలో ధర ఎంతుండాలో చెప్పే మనిషి ఒకడు వచ్చాడన్నమాట. అయినా అర్ధరాత్రి జ్వరానికి డిపో తలుపు తెరుచుకోదు. షావుకారు తలుపు తెరుచుకుంటుంది. అప్పు మళ్లీ అక్కడే పుట్టేది.

పేర్లు మారాయి... కిటికీ అక్కడే!

1969 జూలైలో 14 బ్యాంకులను జాతీయం చేశారు. పల్లెకు బ్యాంకు వెళ్లాలన్న మాట అప్పుడే గట్టిగా మొదలైంది. పట్నం బ్యాంకులకు పల్లె అర్థం కావడంలేదని 1975 అక్టోబరు 2న ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులకు శ్రీకారం చుట్టారు. మరుసటి ఏడాదే, 1976లో, స్టేట్ బ్యాంకు అండతో ఖమ్మం కేంద్రంగా నాగార్జున గ్రామీణ బ్యాంకు వచ్చింది. బంగ్లాదేశ్‌లోని జోబ్రా అనే పల్లెలో మహమ్మద్ యూనస్ పేదలకు చిన్న అప్పుల ప్రయోగం మొదలుపెట్టింది కూడా ఆ ఏడే కావడం విశేషం. ఆయనకు నోబెల్ బహుమతి వచ్చిన 2006లోనే ఇక్కడ నాగార్జున బ్యాంకు పేరు చెరిగిపోయింది. మరో నాలుగు గ్రామీణ బ్యాంకులతో కలిసి వరంగల్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది.

2014లో రాష్ట్రం రెండైంది. బ్యాంకు మాత్రం మరో పదేళ్లు రెండు రాష్ట్రాల్లోనూ నడిచింది. 2025 జనవరి 1న తెలంగాణలో ఉన్న దాని 493 శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. అదే ఏడాది మే 1న ఆంధ్రలో మిగిలినవి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమయ్యాయి. అంటే 1976లో ఖాతా తెరిచిన పెద్దాయన ఇప్పటికీ ఉంటే, అదే కిటికీ దగ్గర అదే ఖాతాకు మూడు పేర్లున్న పాసు పుస్తకాలు చూసి ఉంటాడు!

పట్నంలో బ్యాంకు పేరు మారితే ఫోన్‌కో సందేశం వస్తుంది. చూసి ఊరుకుంటారు. గూడెంలో అలా కాదు. విలీనం పనుల కోసం 2024 డిసెంబరు చివరి నాలుగు రోజులు లావాదేవీలు ఆపారు. ఆ సంగతి తెలియక వచ్చినవాళ్లకు ఒక రోజు కూలి, రానూపోనూ ఛార్జీలు పోయినట్టే. శాఖ దూరాన్ని ఇక్కడ కిలోమీటర్లలో కొలవరు... పోగొట్టుకున్న కూలి రోజుల్లో కొలుస్తారు.

గడప దగ్గరికే వచ్చిన ఉచ్చు

మరైతే బ్యాంకే గడప దగ్గరికి వస్తే? అదీ జరిగింది. రెండు విధాలుగా జరిగింది.

మొదటిది పొదుపు సంఘం. 1992లో నాబార్డు అయిదు వందల సంఘాలతో దేశంలో మొదలుపెట్టిన ప్రయోగం తెలుగు నేల మీద ఊరూరా వేళ్లూనుకుంది. పది పదిహేను మంది ఆడవాళ్లు. నెలనెలా కొంత పొదుపు. ఒక తీర్మానం పుస్తకం, ఒక లెక్కల పుస్తకం. ఎవరెంత తీసుకున్నారో, ఎవరెంత కట్టారో అందరి ముందూ చదువుతారు. డ్వాక్రా పోయి వెలుగు వచ్చినా, వెలుగు పోయి ఇందిరా క్రాంతి పథం వచ్చినా జనానికి అది 'డ్వాక్రా గ్రూపు'నే. ఆఫీసు మాత్రం 'వెలుగు ఆఫీసు'! సకాలంలో కడితే ఏడాదికి నూటికి మూడు రూపాయలే పడేలా పావలా వడ్డీ వచ్చింది. 2011లో స్త్రీనిధి వచ్చింది. చదువు రాని చోట కూడా లెక్క పదిమంది చెవుల్లో పడటం వల్ల అక్కడ రశీదు మనుషుల్లోనే ఉండేది.

రెండోది సూక్ష్మరుణ కంపెనీలు. వాళ్లూ గడప దగ్గరికే వచ్చారు. కాగితాల బాధ లేకుండా అప్పు ఇచ్చారు. వారం వారం వసూలుకూ గడప దగ్గరికే వచ్చారు. ఒకరి వాయిదా కట్టడానికి ఇంకొకరి దగ్గర అప్పు... అది తీర్చడానికి మరొకరి దగ్గర. రాష్ట్రంలో ఆత్మహత్యల వార్తలు వరస కట్టాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వ్యాపారానికి కళ్లెం వేసింది. రిజర్వు బ్యాంకు కింద నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. దాంతో ఆ గేటు మళ్లీ తెరుచుకుంది.

పడవ మీద వచ్చిన వర్తకుడూ గడప దగ్గరికే వచ్చాడు మరి! దగ్గరగా ఉండటం ఒక్కటే సరిపోదని ఈ అడవికి రెండుసార్లు తెలిసొచ్చింది.

వేలు వేస్తే డబ్బులు

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి విడతలోనే ఖమ్మం జిల్లా ఉంది. కూలి డబ్బు మొదట పోస్టాఫీసు ఖాతాల ద్వారా వచ్చేది. ఆ తర్వాత స్మార్ట్ కార్డు. ఊళ్లోనే ఒక మనిషి. ఆమె చేతిలో వేలిముద్ర మిషన్. ఆమె అని అనడానికి కారణం ఉంది. ఆ పని ఊళ్లోనే ఉండే, పొదుపు సంఘంలో సభ్యురాలైన, చదువుకున్న మహిళకే ఇవ్వాలని ప్రభుత్వం షరతు పెట్టింది.

ఆ ఏర్పాటు పనిచేసిందా? ఆర్థికవేత్తలు కార్తిక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ ఎనిమిది జిల్లాల్లో దీన్ని పరీక్షించారు. అందులో ఖమ్మం ఒకటి. ఏ మండలానికి కార్డులు ముందు వెళ్లాలో చీటీలు తీసినట్టు నిర్ణయించి, ముందు వచ్చిన మండలాలను రాని మండలాలతో పోల్చారు. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. ఒక్కో చెల్లింపు తీసుకోవడంలో సగటున 22 నిమిషాలు కలిసొచ్చాయి. పథకం నుంచి కూలి కుటుంబాలకు అందిన ఆదాయం 24 శాతం పెరిగింది. మధ్యలో జారిపోయే సొమ్ము 41 శాతం తగ్గింది. కొత్తగా నిధులేమీ పెంచలేదు. చెల్లించే చోటును ఊళ్లోకి తెచ్చి, తీసుకున్న మనిషి వేలిముద్ర లెక్కలోకి ఎక్కించారు. అంతే!

తర్వాత ఆధార్ వచ్చింది. 2014 ఆగస్టులో జన్‌ధన్ ఖాతాలు వచ్చాయి. స్మార్ట్ కార్డు స్థానంలో బ్యాంకు మిత్రలు వచ్చారు. 2018 సెప్టెంబరులో పోస్టల్ పేమెంట్స్ బ్యాంకు మొదలయ్యాక పోస్టుమేన్ సంచిలోకీ మిషన్ చేరింది. "బ్యాంకుకు పోయొచ్చా" అన్న మాట తగ్గి "వేలు వేసొచ్చా" అన్న మాట వచ్చింది.

అయితే ఆ వేలి వెనక జరిగే పని చాలామందికి తెలియదు. బ్యాంకు మిత్ర ఇచ్చే నోట్లు బ్యాంకు పంపినవి కావు. సొంత డబ్బు. అవ్వ వేలు వేస్తే అవ్వ ఖాతాలోంచి తగ్గిన మొత్తం మిత్ర ఖాతాలో పడుతుంది. మిత్ర తన సొరుగులోంచి నోట్లు తీసి ఇస్తాడు. సొరుగు ఖాళీ అయితే మళ్లీ శాఖకు పోయి నోట్లు తెచ్చుకోవాలి. పెట్రోలు ఖర్చు తనదే. దారిలో భయం తనదే. బ్యాంకు ఇచ్చే కమీషన్ లావాదేవీకి కొద్ది రూపాయలే. అందుకే డబ్బులు పడే రోజుల్లో, అందరూ ఒకేసారి వచ్చే వేళకు సొరుగు అడుగు కనిపిస్తుంది. ఖాతాదారు నుంచి అదనంగా పది ఇరవై తీసుకోకూడదన్నది నిబంధన. ఆ నిబంధన గోడ మీద రాసి ఉండని చోట ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

మరో చిక్కు వేలు. తునికాకు కట్టలు కట్టి, మిరపకాయలు కోసి, గడ్డపార పట్టిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి.

"ఇంకో వేలు పెట్టు పెద్దమ్మా... సర్వర్ తీసుకోట్లేదు. రేపు రా."

"రేపంటే రేపటి కూలి కూడా పోద్ది బిడ్డా!"

అడవి దారిలో మిషన్ ఉన్న ఏ అరుగు దగ్గరైనా వినిపించే మాటలివి. తెలంగాణలో పింఛన్లకు 2025లో ముఖాన్ని గుర్తుపట్టే యాప్ తెచ్చారు. వేళ్ల బాధ కొంత తీరినా దానికీ సిగ్నల్ కావాల్సిందే.

ఒకటే వీధి... రెండు ఒకటో తేదీలు

ఈ నేల ఎన్ని చేతులు మారిందో! నిజాం చేతిలోంచి 1860లో ఇంగ్లిషువారికి. 1874లో మద్రాసులోని గోదావరి జిల్లాకు. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతో పాటు భద్రాచలం మండలంలో పట్టణం తప్ప మిగతా ఊళ్లూ ఆంధ్రప్రదేశ్‌కు. 2016లో పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు.

ఫలితం? భద్రాచలంలో ఆటో ఎక్కితే పావుగంటలో ఎటపాక. ఎటపాక ఆంధ్ర. అక్కడ 2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఒకటో తేదీన ఇంటికే వచ్చింది. మొదట వలంటీరు చేతుల మీదుగా. 2024 జూలై నుంచి సచివాలయ ఉద్యోగి చేతుల మీదుగా. ఆ నెలలోనే వృద్ధాప్య పింఛను నాలుగు వేలైంది. ఈ పక్క తెలంగాణ పల్లెల్లో 2019లో రూ. 2,016 అయిన పింఛను పోస్టాఫీసు దగ్గర తీసుకోవాలి. వియ్యంకులు ఇద్దరూ ఒకే సంతకు వస్తారు. ఒకే కోయ మాట మాట్లాడుకుంటారు. ఒకరికి డబ్బు గుమ్మంలోకి వస్తుంది. మరొకరు డబ్బు దగ్గరికి నడిచి వెళ్తారు. మనిషిని పంపితే గుమ్మం దాకా చేర్చవచ్చని ఆ పక్క చూపించింది. ఎవరిని పంపాలి, ఆ మనిషికి జీతం ఎవరివ్వాలి అన్నదే మిగిలిన ప్రశ్న.

అయిదు కిలోమీటర్లు... మధ్యలో వాగు

ప్రతి పల్లెకూ అయిదు కిలోమీటర్లలోపు, కొండ ప్రాంతాల్లో అయితే అయిదు వందల ఇళ్ల గూడేనికి, బ్యాంకు సేవ అందాలని 2019లో రిజర్వు బ్యాంకు రాసుకున్న జాతీయ వ్యూహం చెప్పింది. బ్యాంకు శాఖ లేకపోయినా ఫరవాలేదు. రోజుకు కనీసం నాలుగు గంటలు, వారానికి అయిదు రోజులు తెరిచి ఉండే మిత్ర కేంద్రమైనా చాలన్నది అంతకు ముందు 2017 నాటి నిబంధన.

చెప్పుకోవడానికి బాగుంది. అయిదు వందల గడపల గూడెం ఈ అడవిలో ఎక్కడుంది? ఇక్కడ పది గూడేలు కలిపినా ఆ లెక్క రాదు. ఆ పది గూడేల మధ్య నాలుగు వాగులు! పటం మీద అయిదు కిలోమీటర్లు వానాకాలంలో ముప్పై అవుతాయి.

గోదావరి సంగతి సరేసరి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. అప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. దుమ్ముగూడెం, చర్ల, కూనవరం దారులు నీళ్లలో మునిగాయి. కరెంటు పోతే టవర్ పోతుంది. టవర్ పోతే మిషన్ పోతుంది. ఖాతాలో సాయం పడింది సరే... చేతికి రావాలిగా! డబ్బు అవసరం అన్నిటికంటే ఎక్కువయ్యే వారంలోనే డబ్బు దగ్గరికి దారి మూసుకుపోతుంది. అప్పుడు గూడెంలో అప్పిచ్చేది ఎవరు? ఇంకెవరు... మళ్లీ దుకాణం షావుకారే.

తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో వెయ్యికి పైగా బ్యాంకు శాఖలు, అయిదు వేలకు పైగా పోస్టాఫీసులు తెరిపించామని కేంద్ర హోంశాఖ లెక్క చెబుతుంది. అడవుల్లో టవర్లూ లేచాయి. మార్పు లేదనలేం. తలుపులు పెరిగాయి. ఆ తలుపు జూలైలో కూడా తెరిచి ఉంటుందా అన్నదే గూడెం అడిగే మాట.

పట్టా ఉంది... పేరు లేదు

తలుపు తెరిచి ఉన్నా అందరూ లోపలికి పోలేరు. 2023 జూన్ చివర తెలంగాణలో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు. అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ భూమి బిడ్డలకు దక్కుతుంది. అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి కుదరదు. భూమి చేజారకుండా ఉండాలంటే ఆ షరతు ఉండాల్సిందే. 1879 నాటి జప్తులు గుర్తుంటే అది కాదనేవాళ్లుండరు. అయితే తాకట్టుకు పనికిరాని భూమి మీద అప్పు ఎలా అని బ్యాంకులో సందేహం వస్తుంది. నిజానికి పంట మీదే అప్పు ఇవ్వొచ్చు. 2025 జనవరి నుంచి రెండు లక్షల దాకా వ్యవసాయ రుణానికి తనఖా అడగకూడదన్నది రిజర్వు బ్యాంకు ఆదేశం. ఈ మాట రైతు చెవిన పడాలి. కౌంటర్ వెనక కూర్చున్న మనిషి నోటా రావాలి.

ఇంకా లోపల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దున, గుత్తికోయలున్నారు. 2005 తర్వాత బస్తర్‌లో సల్వాజుడుం రోజుల్లో ఊళ్లు వదిలి ఇటు వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్నవాళ్లు. ఇక్కడి లెక్కల్లో వాళ్లకు గిరిజన గుర్తింపు లేదు. చాలామందికి కాగితాలూ లేవు. మిరప కోతల్లో చెమటోడుస్తారు. డబ్బుకు బదులు మిరపకాయలే కూలిగా పట్టుకెళ్లేవాళ్లూ ఉంటారు. గుర్తింపు కాగితం లేకున్నా ఫొటో, వేలిముద్రతో 'చిన్న ఖాతా' తెరవొచ్చని నిబంధన ఉంది. ఖాతాలో యాభై వేలకు మించి ఉండకూడదు. నెలకు పది వేలకు మించి తీయకూడదు. వాళ్ల బతుకుకు ఆ హద్దులు ఎక్కువే! ఆ నిబంధనను గుడిసె దాకా తీసుకెళ్లే మనిషే కావాలి.

ఈ బాధ అడవికే పరిమితం కాదు. ఇంగ్లండులో చిన్న ఊళ్లలో బ్యాంకులు ఒక్కొక్కటే మూసేస్తూ వెళ్తే, ముసలివాళ్లు నోట్ల కోసం ఊళ్లు తిరగాల్సి వచ్చింది. 2021 నుంచి అక్కడ పోటీ బ్యాంకులే కలిసి ఒకే గదిని వంతులవారీగా వాడుకుంటున్నాయి. సోమవారం ఒక బ్యాంకు మనిషి. మంగళవారం ఇంకో బ్యాంకు మనిషి. నోట్లిచ్చే కౌంటర్ మాత్రం పోస్టాఫీసుది. తెల్లవాళ్ల ఊళ్లో కొత్తగా కనిపెట్టినట్టున్నా మనకిది పాత ముచ్చటే. వారానికొక రోజు, అందరికీ తెలిసిన చోట, అన్ని సరుకులూ ఒకే దగ్గర... సంత! కోయ గూడెం నుంచి సంతకు రాని ఇల్లు ఉండదు. చింతపండుతో పాటు పాసు పుస్తకం కూడా ఆ బుట్టలోనే పెట్టుకొచ్చేలా, సంత రోజున సంత చెట్టు కిందే నోట్లు నిండిన సొరుగుతో బ్యాంకు మనిషి కూర్చుంటే? షావుకారు వందేళ్ల కిందటే కనిపెట్టిన చోటు అది.

సాయంత్రం చర్ల దారిలో బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లలో ఒకరి కొంగు ముడిలో చూస్తే తెల్లటి చీటీ ఒకటి ఉంటుంది. మిషన్‌లోంచి వచ్చిన వేలెడు కాగితం. ఎంత తీశారో, ఇంకెంత ఉందో అందులో ఉంటుంది. అక్షరాలు నాలుగు రోజుల్లో వెలిసిపోతాయి. అయినా పారేయరు. పసుపు కుంకుమల పక్కన, దూలం సందులో దాచుకుంటారు. చదవడం రాకపోయినా!

గోల్కొండ ఖైదులో గోపన్న పక్కన రాముడు పెట్టి వెళ్లాడంటున్న కాగితం కూడా అంతే ఉండి ఉంటుంది. ఆ చీటీ ఇచ్చే మిషన్ వరద నాడూ పనిచేస్తే, ఆ సొరుగులో నోట్లు జూన్‌లోనూ ఉంటే... రామోజీ, లక్ష్మోజీల కోసం గూడెం ఎదురుచూడక్కర్లేదు.